టైమ్ జోన్ చూసి తేదీ తిప్పకండి: యాప్‌లు తయారుచేసే మన ప్రోగ్రామర్లకు బహిరంగ లేఖ

యాప్‌లు, వెబ్‌సైట్లు తయారుచేసే మన తెలుగు ప్రోగ్రామర్లకు, డిజైనర్లకు, టీమ్ లీడ్‌లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పన్నెండేళ్లుగా ఇదే పని. మీలో చాలామంది నా పక్క సీట్లో కూర్చునేవాళ్లే, మధ్యాహ్నం నాతో కలిసి క్యారేజీ విప్పేవాళ్లే. అందుకని దీన్ని ఎవరో బయటివాళ్ల ఫిర్యాదులా కాకుండా ఇంట్లో మనిషి మాటలా చదవండి. నేను అడగదలచుకున్నది ఒక్కటే. మనిషి ఫోన్‌లో ఉన్న టైమ్ జోన్ చూసి, ఆ మనిషికి తేదీ ఏ వరసలో కావాలో, అంటే రోజు ముందా నెల ముందా అన్నది, మీరే ఊహించుకుని, చెప్పకుండా మార్చేయకండి.

ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. 2024 మార్చిలో అమ్మానాన్నలు డాలస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లారు. వెళ్లేముందే నాన్న గుండె చెకప్ కోసం ఇక్కడి డాక్టర్‌గారి దగ్గర ఆగస్టు 7కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆసుపత్రి వాళ్ల యాప్‌లోనే బుక్ చేశాం. అందులో 07/08/2024 అని కనబడేది. తిరుగు టికెట్లు జులై 27కి. మధ్యలో జులై 14న మా తమ్ముడి కూతురి మొదటి పుట్టినరోజు. మనవరాలి పుట్టినరోజు దగ్గరుండి చేయించి, ఇంకో రెండు వారాలు దానితో గడిపి రావాలని అమ్మ ఆశ.

జూన్ మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. "అమ్మా, డాక్టర్‌గారు మన తేదీ నెల రోజులు ముందుకు జరిపారు. జులై ఎనిమిది అంట. అంతకంటే ముందే వచ్చెయ్యాలి మేము." యాప్‌లో 08/07/2024 అని ఉందట. గుండెకు సంబంధించిన విషయం. డాక్టర్‌గారు ముందుకు జరిపారంటే పాత రిపోర్టుల్లో ఏదో చూసే ఉంటారని అందరికీ టెన్షన్ పట్టుకుంది. నాన్నకు ఆ మాట పైకి అనడం ఇష్టం లేదు, మాకు అడగడం ఇష్టం లేదు. తమ్ముడు తేడా డబ్బు కట్టి టికెట్లు మార్చాడు. జులై 6న అమ్మానాన్నలు శంషాబాద్‌లో దిగారు.

బయటికి రాగానే నాన్న నా చేతికి ఫోన్ ఇచ్చారు. "ఇది చూడమ్మా, మళ్లీ మార్చినట్టున్నారు." లగేజీ కోసం నిలబడ్డప్పుడు యాప్ తెరిచారట. 07/08/2024. ట్రాలీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎవరూ ఏమీ మార్చలేదని, మార్చి నుంచీ ఆ అపాయింట్‌మెంట్ ఆగస్టు 7నే ఉందని నాకు ఆ క్షణంలో అర్థమైంది. దాన్ని నాన్నకు ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా తమ్ముడు అమెరికా వెళ్లి పదకొండేళ్లయింది. అక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి, ఆ 08/07ని వాడు ఒక్కసారి తన కళ్లతో చూసి ఉంటే ఆగస్టు 7 అనే చదివేవాడు. కానీ వాడు స్క్రీన్ చూడలేదు, నాన్న నోటి మాట విన్నాడు. నేనూ అంతే. నాన్న తప్పు చదవలేదు. నలభై ఏళ్లపాటు రోజూ పొద్దున నల్లబల్ల మూలన తేదీ, కింద నమోదు, హాజరు రాసిన చెయ్యి అది. ముందు రోజు, తర్వాత నెల. ఆయనకు అంకెలు వేరే వరసలో ఉండవు.

ఆ రాత్రి నాన్న ఫోన్ తీసుకుని కూర్చున్నాను. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ తీసేసి షికాగో పెట్టాను. డాలస్‌కి వర్తించే జోన్ పేరు అదే. యాప్ తెరిస్తే 08/07/2024. కోల్‌కతా పెట్టాను. 07/08/2024. లండన్ పెట్టాను. 07/08. న్యూయార్క్ పెట్టాను. 08/07. భాష మార్చలేదు, దేశం మార్చలేదు, సిమ్ తీయలేదు. టైమ్ జోన్ ఒక్కటే మార్చాను. అంకెలు అటూ ఇటూ గంతులు వేస్తున్నాయి. ఎక్కడా ఒక్క హెచ్చరిక లేదు, 'మీ తేదీ ఫార్మాట్ మారింది' అన్న ఒక్క ముక్క లేదు.

ఈ లాజిక్ ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. దీన్ని రాసినవాళ్లను తిట్టే ఉద్దేశం నాకు లేదు. మన దగ్గర ఫోన్ కొంటే, షాపులో కుర్రాడు సెటప్ చేసేటప్పుడు ముందు కనబడిన ఇంగ్లీష్ నొక్కేస్తాడు. చాలాసార్లు అది అమెరికా ఇంగ్లీష్. ల్యాప్‌టాప్‌లూ అంతే. మా నాన్న ఫోన్ కూడా అంతే. బ్రౌజర్‌ను 'నీ భాష ఏది' అని అడిగితే అమెరికా ఇంగ్లీష్ అంటుంది. ఆ మాట నమ్మితే కోట్లమంది భారతీయులకు నెల ముందు పెట్టి చూపించాల్సి వస్తుంది. కంప్యూటర్‌లో రీజియన్ అని, తేదీ ఫార్మాట్ అని వేరే సెట్టింగ్ ఉంటుంది గానీ, దాన్ని బ్రౌజర్ వెబ్‌సైట్లకు నేరుగా చెప్పదు. ఇలాంటి చిన్న చిన్న వివరాలన్నీ కలిపి మనిషిని గుర్తుపట్టేస్తారన్న భయం దానికి ఒక కారణం. ఇక మిగిలింది టైమ్ జోన్. అది అడిగితే ఇట్టే దొరుకుతుంది, అనుమతి కూడా అక్కర్లేదు. 'ఆసియా/కోల్‌కతా అంటే ఇండియా, ఇండియా అంటే రోజు ముందు' అని ఎవరో తెలివైనవాళ్లకు తట్టింది. మనవాళ్లకు మేలు చేద్దామనే తట్టింది. ఊరు కదలని మనిషి విషయంలో అది బాగానే పనిచేస్తుంది కూడా.

కానీ మనవాళ్లు ఊరు కదలకుండా ఎక్కడున్నారు? పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొచ్చే తల్లిదండ్రులు వీధికొకరు ఉన్నారు. విమానం దిగగానే ఫోన్ తనంతట తనే అక్కడి టైమ్ పట్టుకుంటుంది. అది పట్టుకోవాల్సిందే, లేకపోతే గడియారం తప్పు చూపిస్తుంది. దిగిన మనిషి మాత్రం డెబ్బై ఏళ్ల అలవాటును ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర వదిలేసి రారు. గచ్చిబౌలిలో కూర్చుని అమెరికా క్లయింట్ కోసం రాత్రంతా పనిచేసేవాళ్లలో ల్యాప్‌టాప్ టైమ్‌ను సెంట్రల్‌కో ఈస్టర్న్‌కో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. నేనూ రెండేళ్లు అలాగే ఉంచాను. నా దేశం మారలేదు, మీటింగ్ టైమ్‌లు తప్పకూడదని పెట్టుకున్నాను. సంక్రాంతికి మా తమ్ముడు ఇక్కడికి వస్తే వాడికి ఇదే కష్టం తిరగబడి వస్తుంది. అక్కడి బ్యాంకు గడువును ఇక్కడి వరసలో చూడాలి.

టైమ్ జోన్ పేర్ల పట్టిక దేనికోసం పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. 2011 నుంచి ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల వ్యవహారం చూసే ఐఏఎన్ఏ దాన్ని నిర్వహిస్తోంది. 1970 నుంచి గడియారాలు ఒకేలా నడిచిన ప్రాంతాలను ఒక పేరు కింద చేర్చడం దాని పద్ధతి. దేశాల అలవాట్లతో దానికి పని లేదు. ఆ పద్ధతి ప్రకారమే 2022లో స్టాక్‌హోమ్‌ను బెర్లిన్‌కు లింకుగా, అంటే మారుపేరుగా మార్చారు. స్వీడన్‌లో సంవత్సరం-నెల-రోజు అని రాస్తారు, జర్మనీలో రోజు, నెల, సంవత్సరం అని చుక్కలు పెట్టి రాస్తారు. గడియారం ఒకటే, చేతిరాత వేరు. మన భారత ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మిర్జాపూర్ పక్కనుంచి, మన కాకినాడకు దగ్గర్లోంచి వెళ్తుంది. జోన్ పేరు మాత్రం కోల్‌కతా. ఒక పెద్ద ఊరి పేరు పెట్టడం ఆ పట్టిక అలవాటు, అంతే. ఆ ఒక్క పేరు నుంచి కాకినాడ మనిషి తేదీ ఎలా రాస్తాడో తీయాలని చూడటం పట్టికను అడగకూడనిది అడగడమే.

పేరుతోనూ చిక్కే. నగరం పేరు 2001లో కోల్‌కతా అయింది. కానీ క్రోమ్ బ్రౌజర్ చాలాకాలం 'ఆసియా/కలకత్తా' అనే పాత పేరే చెబుతూ వచ్చింది, ఫైర్‌ఫాక్స్ కొత్త పేరు చెప్పేది. కోడ్‌లో కొత్త పేరు ఒక్కటే రాసుకున్న ప్రోగ్రామ్‌కు అలాంటి క్రోమ్‌లో ఇండియా దొరికేది కాదు. పేరుతో గొడవెందుకని, ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయమైన యూటీసీకి ఎన్ని గంటల తేడా ఉందో చూసి తేల్చేవాళ్లు ఇంకో గోతిలో పడతారు. ఎనిమిది గంటల ముందు ఉన్నది సింగపూరూ, మనీలా, బీజింగ్ కూడా. సింగపూర్‌లో రోజు ముందు, మనీలాలో ఇంగ్లీష్‌లో రాస్తే నెల ముందు, బీజింగ్‌లో సంవత్సరం ముందు. మూడు చోట్లా గడియారం ఒకే నిమిషం చూపిస్తుంది.

మీలో కొందరు అంటారు, 'ఇది అంత పెద్ద సమస్యా?' అని. లెక్క వేసి చూడండి. నెలలో మొదటి పన్నెండు రోజులు ఎటు తిప్పినా చెల్లుతాయి. పన్నెండు నెలలకు 144. రోజూ నెలా ఒకటే అయినవి 12 తీసేస్తే 132. ఏడాదిలో 132 రోజులు రెండు రకాలుగా చదవొచ్చు, రెండూ నిజమైన తేదీల్లాగే ఉంటాయి. మూడో వంతు కంటే ఎక్కువ.

మనం దీన్ని పట్టుకోలేకపోవడానికి కారణం మన టెస్ట్ డేటాలోనే ఉంది. నేను చూసిన ప్రాజెక్టుల్లో దాదాపు అందరూ పెట్టేవి 31/12, 25/12, 15/08. నేనూ అవే పెట్టేదాన్ని. అవి తిరగబడినా 12/31 అని చదివేసుకుంటాం, బగ్ అనిపించదు. ఎక్సెల్‌లో అయితే ఇది కంటికి కనబడుతుంది. తేదీల్లో రోజు ముందున్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు పట్టిక) అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరవండి. 13 నుంచి 31 దాకా ఉన్న తేదీలు ఎక్సెల్‌కు అర్థంకాక మామూలు అక్షరాల్లా గడిలో ఎడమవైపుకు అతుక్కుంటాయి. 1 నుంచి 12 దాకా ఉన్నవి చక్కగా కుడివైపుకు చేరతాయి. బుద్ధిగా కుడివైపు నిలబడ్డవే తప్పు. మా టీమ్‌లో ఒక అమ్మాయి అలాంటి కాలమ్‌లో ఎడమవైపు ఉన్నవాటినే రెండు రోజులు కూర్చుని సరిచేసింది. కుడివైపువి బాగున్నాయి కదా అనుకుంది.

ఇప్పుడు మన భాషలో తేదీ ఎలా నడుస్తుందో చూడండి, దారి అక్కడే ఉంది. 'పంద్రాగస్టు' అన్నా, 'ఆగస్టు పదిహేను' అన్నా మనకు ఒకటే. నోటితో అనేటప్పుడు, పేపర్లో రాసేటప్పుడు నెల పేరు ముందు పెడతాం: జనవరి 26, నవంబర్ 1, జూన్ 2. అంకెల్లో రాసేటప్పుడు వెంటనే తిప్పేస్తాం: 26-1-1950, 1-11-1956, 2-6-2014. ముంబయి దాడులను 26/11 అంటాం, న్యూయార్క్ దాడులను 9/11 అంటాం. రెండూ ఒకే వాక్యంలో వచ్చినా ఎవరూ తడబడరు, ఎందుకంటే అవి ఏ రోజులో ముందే తెలుసు. నెల పేరు అక్షరాల్లో ఉన్నంతసేపు వరస ఏదైనా పర్వాలేదు. అంకెలు మాత్రమే మిగిలినప్పుడే ప్రమాదం.

మన పెద్దలకు ఇది ముందే తెలుసు. నాన్న స్కూల్లో అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ అంకెల్లో రాశాక పక్కనే అక్షరాల్లో కూడా రాసేవారు. పదో తరగతి మెమోలోనూ అంతే. శుభలేఖ చూడండి. తేదీ వేసి ఊరుకోరు, 'బుధవారం' అని వారం కూడా వేస్తారు. ప్రెస్‌లో ఒక అంకె తప్పు పడినా వారం కుదరదు కాబట్టి చదివినవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. 2024లో ఆగస్టు 7 బుధవారం, జులై 8 సోమవారం. ఆ యాప్‌లో 08/07 పక్కన 'బుధవారం' అని ఒక్క మాట ఉంటే మా నాన్న గోడమీది క్యాలెండర్ చూసేవారు. జులై 8 దగ్గర సోమవారం కనబడగానే ఆగిపోయేవారు. అమెరికా పాస్‌పోర్టు కూడా తేదీలో నెలను అంకెల్లో వెయ్యదు, అక్షరాల్లోనే వేస్తుంది. వీసా కోసం మనం నింపే డీఎస్-160 ఫారంలోనూ నెల అక్షరాల్లోనే ఎంచుకోవాలి. నెల ముందు రాసే దేశమే నాలుగు దేశాలవాళ్లు చదివే కాగితం దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త పడింది.

కాబట్టి నా మొదటి కోరిక ఇది. అపాయింట్‌మెంట్, మందు, టికెట్, బిల్లు గడువు, పాలసీ, పరీక్ష ఉన్న ప్రతిచోటా నెల పేరు అక్షరాల్లో చూపించండి, కుదిరితే వారం కూడా. దీనికోసం కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. బ్రౌజర్లలో ఇంటర్నేషనలైజేషన్ ఏపీఐ ఉంది, అంటే తేదీలను ఏ భాషలో కావాలంటే ఆ భాషలో రాసిపెట్టే రెడీమేడ్ సదుపాయం. నెలను పొట్టిగానో పూర్తిగానో అక్షరాల్లో ఇమ్మని అడిగితే ఇస్తుంది, తెలుగులో కూడా ఇస్తుంది. భాషలవారీగా ఇలాంటి పేర్లన్నీ దాచిన యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్‌లో తెలుగు నెలల పేర్లూ వారాల పేర్లూ ఉన్నాయి. చోటు చాలదని డిజైనర్లు అంటారు. '7 ఆగ' అని రాసినా 07/08 కంటే ఎక్కువ చోటు తీసుకోదు.

రెండోది, అడగండి. అకౌంట్ తెరిచిన రోజు ఒక్కసారి అడిగితే చాలు. అప్పుడు టైమ్ జోన్‌ను వాడుకోండి, నేను వద్దనను. 'మీకు తేదీ ఇలా కనబడితే సరేనా' అని ఒక నమూనా చూపించడానికి ఆ ఊహ పనికొస్తుంది. జవాబును ఫోన్‌తో కాకుండా అకౌంట్‌తో ముడివేయండి. మనిషి షికాగో వెళ్లినా, ఫోన్ మార్చినా ఆ ఎంపిక వెంటే ఉండాలి. ఒకసారి 07/08 చూసిన కంటికి అదే తేదీని 08/07గా మళ్లీ ఎప్పుడూ చూపించకండి. టైమ్ జోన్ మారితే గంటలు మార్చండి, అది దాని పని.

లోపల డేటాబేస్‌లో, తేదీలు రాయడానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 ప్రకారం సంవత్సరం-నెల-రోజు అని దాచుకోండి. ఇది మీలో చాలామంది చేస్తున్నదే కాబట్టి పొడిగించను.

మనవరాలి పుట్టినరోజును అమ్మ వీడియో కాల్‌లో చూసింది. అక్కడ ఆదివారం సాయంత్రం ఆరు, ఇక్కడ సోమవారం తెల్లవారుజాము నాలుగున్నర. కొత్త చీర కట్టుకుని, ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి కూర్చుంది. పాప కేకులో చెయ్యి పెట్టినప్పుడు నెట్ ఆగిపోయింది. నాన్న పక్క గదిలోంచి బయటికి రాలేదు. "నేను సరిగ్గా చూసుకోవాల్సింది" అని ఆయన అప్పటికి ఎన్నిసార్లు అన్నారో. మీ తప్పు లేదు నాన్నా అని నేను ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. ఫోన్‌లో కనబడింది కాబట్టి ఫోన్ కరెక్టు, తనే తప్పు అని ఆయన నమ్మకం. నాకు బాధనిపించేది టికెట్ డబ్బు గురించి కాదు, ఇందుకు.

ఆసుపత్రి యాప్ వాళ్లకు వివరంగా రాశాను. స్క్రీన్‌షాట్లు కూడా పంపాను. మీకు రాసేది ఎందుకంటే ఇదే లాజిక్ మీ కోడ్‌లో కూడా ఉండొచ్చు. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన ఫంక్షన్‌లో ఉండొచ్చు.

సోమవారం ఆఫీసుకు వెళ్లాక ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. మీ యాప్‌లో ఆగస్టు 7న ఏదైనా బుక్ చేయండి, 31/12 కాదు. ఫోన్ భాషను ముట్టుకోకుండా టైమ్ జోన్ షికాగోకు మార్చి ఆ స్క్రీన్ తెరవండి. తర్వాత కోల్‌కతాకు మార్చి చూడండి. అంకెలు చోటు మారాయంటే వెంటనే బగ్ రాయండి. ప్రయారిటీ దగ్గర 'లో' అని పెట్టకండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక టెస్టర్